తొమ్మిదో అక్షరం

వెనక గది. బల్ల మీద పాత కంప్యూటరు, దాని ముందు కుర్చీలో మరిది, పక్కన స్టూలు మీద వదిన. ముందు గదిలో అన్న; మధ్య తలుపు ఓరగా తీసి ఉంది.

“ఊపకు వదినా దాన్ని. ఊపితే మాటలు రాలవు.”

“దుమ్ము దులుపుతున్నాను.”

“ఇలా ఇవ్వు. ఫ్లాపీని ఎవరైనా విసనకర్రలా పట్టుకుంటారా? ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదోది?”

“ముందు ఇవి చూడు.”

“అన్నింటి మీదా ‘ఐదులో ఒకటి, ఐదులో రెండు’ అని రాసుంది. ఐదోది ఉండాలి.”

“ఉందిలే. ముందు ఇవి చూడు చిన్నోడా. నాకు బస్సు టైమవుతుంది.”

“ఏ బస్సు?”

“ఏదో బస్సు. పెట్టు, పెట్టు. అసలు తిరుగుతుందా అది?”

“తిరుగుతుంది. విను. ఈ కరకర వింటే చాలు, నాకు చిన్నతనం వచ్చేస్తుంది. అన్నయ్య ఈ కుర్చీలో, నేను వెనకాల చేతులు కట్టుకుని. ముట్టుకోనిచ్చేవాడు కాదు.”

“నన్నూ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తుడవడానికి కూడా.”

“గుడ్డ కప్పి ఉంచేవాడు కదా.”

“ఆ గుడ్డ ఉతకడం మాత్రం నా వంతు.”

“హమ్మయ్య, లేచింది. చూశావా? ఇప్పటి కంప్యూటర్లు మూడేళ్ళకి మూలపడుతున్నాయి. ఇది అన్నయ్యలాగే, గట్టి పిండం.”

“మీ అన్నయ్య గట్టి పిండమా?”

“...ఆస్పత్రిలో ఆవిడ సరిగ్గా ఏమంది? మాట నేర్పే ఆవిడ.”

“చెప్పానుగా.”

“ఫోన్లో సగమే వినపడింది. మళ్ళీ చెప్పు.”

“గొంతులో మాట పలికే పెట్టె తీసేశారు కాబట్టి ఇక ఆయనకి మాట రాదమ్మా అంది. ఫోను లాంటిది ఒకటి ఇస్తారట. ఆయన టైపు కొడితే అది పైకి చదువుతుంది. మామూలుగా ఎవరి గొంతో పెట్టేసి ఇస్తారట. ఆయన పాత రికార్డులు ఏమన్నా ఉంటే, ఓ పది నిమిషాలవి, శుభ్రంగా ఉన్నవి, రేపు పట్టుకొస్తే ఆయన గొంతే పెడతామంది. ఎల్లుండి నుంచి ఆవిడ సెలవట.”

“అన్నేళ్ళు బస్టాండులో మైకు పట్టుకున్న మనిషి. ఊరంతా ఆయన గొంతు వినే బస్సెక్కింది. ఇప్పుడు పది నిమిషాల గొంతు కోసం వెతుక్కోవాలా మనం!”

“బస్టాండుకి వెళ్ళి అడిగాను. ఆ టేపుల మీద సినిమా పాటలు ఎక్కించుకున్నారట. ఇక ఆయన ఇంట్లో మైకు పెట్టుకుని ఇందులో ఎక్కించుకున్నవే దిక్కు.”

“ఇంట్లో ఫోన్లలో లేదా? ఏ వీడియోలోనూ?”

“ఫోనెత్తితే ‘ఆఁ’ అనేవాడు, పెట్టేసేవాడు. పది నిమిషాలు కావాలంటే ఎన్ని ‘ఆఁ’లు ఏరుకోవాలి? వీడియోల్లో అందరూ మాట్లాడతారు, ఆయన పక్కన నిలబడి ఉంటాడు.”

“రోజంతా మాట్లాడి అలసిపోయేవాడు వదినా.”

“అలసిపోయేవాడు. నేను కాదన్నానా.”

“అన్నయ్యా! వింటున్నావా? ఈ డిస్కులన్నీ ఒకే మూటేనా? అవునంటే ఒకసారి చప్పట్లు కొట్టు, కాదంటే రెండుసార్లు!”

“కొట్టడు.”

“కొడతాడు, ఉండు.”

“ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి చెబుతున్నాను ఆ చప్పట్ల సంగతి. ఒక్కసారి కొట్టలేదు. పలక కొనిచ్చాను. దాని మీద సుద్దగీత పడలేదు. రోడ్డు వైపు కుర్చీ వేసుకుని, వెళ్ళే బస్సులు చూస్తుంటాడు. ఇంట్లో నేనొకదాన్ని తిరుగుతున్నాననే సంగతి ఏమీ పట్టనట్టు.”

“వింటున్నాడు, మెల్లిగా మాట్లాడు.”

“విననీ.”

“సరే... ఇదిగో, వచ్చింది. ఆర్కైవ్ అంటారు దీన్ని, ఇప్పుడు మనం జిప్ అంటున్నామే, దాని తాత. చూడు.”

“ఏంటీ అంకెలన్నీ?”

“మూటలో ఏమేం ఉన్నాయో చెబుతోంది. ఇది ఫైలు పేరు. ఇది, విప్పితే ఎంత అవుతుందో. ఇది, మూటలో ఎంత చోటు పట్టిందో. ఈ చివరిది, ఎంత తగ్గిందో.”

“మూట కడితే తగ్గుతుందా? చీర మడతపెట్టినా చీరే కదా, బరువెక్కడికి పోతుంది?”

“ఇది మడత కాదు. ఎలా చెప్పను... నువ్వూ అన్నయ్యా రోజూ ఏం మాట్లాడుకునేవాళ్ళు?”

“ఎందుకు?”

“ఊరికే, చెప్పు.”

“‘తిన్నావా.’ ‘తిన్నాను.’ ‘తలుపేశావా.’ ‘వేశాను.’”

“మర్నాడు?”

“‘తిన్నావా.’ ‘తిన్నాను.’ ‘తలుపేశావా.’ ‘వేశాను.’”

“అదీ! ఏడాది పొడుగునా అదే అయితే ప్రతిరోజూ మొత్తం రాసుకోవడం ఎందుకు? ఒక్కసారి రాసి, మర్నాటి దగ్గర ‘పైన చూడు’ అని రాస్తే సరిపోతుంది. ఆ మర్నాడు, పైన చూడు. వచ్చిందే మళ్ళీ వస్తే మళ్ళీ రాయదు. కంప్రెస్ చెయ్యడమంటే అంతే.”

“అయితే మా కాపురం ఒక్క డిస్కులో పట్టేస్తుంది.”

“వదినా...”

“చోటు కూడా మిగులుతుంది.”

“నేనేదో మాటవరసకి అడిగాను.”

“నేనూ మాటవరసకే చెప్పాను. విప్పు.”

“విప్పుతున్నా. పాతది కదా, నిదానంగా వస్తుంది. అసలు ఫైళ్ళు బయట ఒక్కటీ ఉంచలేదు చూడు. మూటలో పెట్టి, పెట్టింది సరిగ్గా పడిందని చూసుకుని, బయటిది చెరిపేసే పద్ధతొకటి ఉంది. అన్నయ్య అదే వాడాడు. ఏదీ బయట పడుండకూడదు ఆయనకి.”

“పుట్టుకతోనే అంతా సర్దుడే కదా.”

“మొదటిది వచ్చింది. స్పీకరు నుంచి వైరు నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను, ఇక్కడ మోగుతుంటే అక్కడ ఎక్కుతుంది. విను.”

“‘ప్రయాణికులకు విజ్ఞప్తి.’”

“అదిగో, అన్నయ్యే!”

“‘ప్లాట్‌ఫారం నంబరు... రెండు. ప్లాట్‌ఫారం నంబరు... మూడు. బస్సు బయలుదేరు వేళ అయినది.’”

“అబ్బ! ఖంగుమంటోంది వదినా. ఆ ‘ళ’ విన్నావా, ‘బయలు’లో ల వేరు, ‘వేళ’లో ళ వేరు. నాలుక మడత పడాలిరా అని నా నెత్తి మీద మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. జెరాక్సు మెషీన్లు బాగుచేసుకునేవాడికి ‘ళ’ ఎందుకు అంటే, ‘కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చినప్పుడు కాల్లు అనకూడదు’ అనేవాడు.”

“ఆ మాటలు నీతో అనేవాడా?”

“అప్పుడప్పుడు... వదినా, ఏడుస్తున్నావా?”

“లేదు. రావడం లేదు.”

“ఇన్నాళ్ళ తర్వాత ఆయన గొంతు—”

“ఏమీ అనిపించడం లేదురా. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడు, అలా ఉంది. నీకేమన్నా అనిపిస్తే అనిపించుకో. నాకు బస్టాండులో కూర్చున్నట్టుంది.”

“రేపు ఆవిడ ఈ గొంతే పెడుతుంది కదా, ఇంట్లో—”

“ఇంట్లో ఏమంటాడు? ‘ప్రయాణికులకు విజ్ఞప్తి, మంచినీళ్ళు తెమ్మని కోరడమైనది’ అంటాడు.”

“నవ్వించకు, చెయ్యి తగిలి వైరు ఊడుతుంది.”

“నేను నవ్వించడం లేదు. రేపు నువ్వే తీసుకెళ్ళి ఆవిడకి ఇవ్వు.”

“నేనెందుకు? నువ్వూ అన్నయ్యా వెళ్ళాలి కదా.”

“నువ్వు తీసుకెళ్ళు. అన్నయ్యని కూడా నువ్వే.”

“వదినా, ముందు గదిలో తలుపు దగ్గర సంచి చూశాను. ఎవరైనా వచ్చారేమో అనుకున్నాను.”

“రెండో డిస్కు పెట్టవా?”

“పెడుతున్నాను. ఎవరిది సంచి?”

“నాదే.”

“ఎక్కడికి?”

“అక్క రమ్మంటోంది.”

“ఎన్నాళ్ళకి?”

“నువ్వు డిస్కు పెట్టు.”

“పెట్టాను. ఎన్నాళ్ళకి వదినా?”

“తెలీదు. వెనక్కి వచ్చే టిక్కెట్టు గురించి ఆలోచించలేదు. ఆయనకో గొంతు దొరికితే చాలు, ఇంటికి ఎవరొచ్చినా మాట్లాడుకుంటాడు. అది చూసి వెళ్దామని ఆగాను, అంతే.”

“ఆయన్నిలా వదిలేసి?”

“వదిలేసేదాన్ని నేనా? సంచి సర్దింది ఎవరనుకున్నావ్?”

“ఎవరు?”

“మీ అన్నయ్యే. ‘అక్క రమ్మంటోంది, వెళ్ళనా?’ అని అడిగాను. కుర్చీలోంచి లేవని మనిషి లేచాడు. బీరువా తీశాడు. ఒక్కో చీరా దాని జాకెట్టు మడతలో పెట్టి, మందుల డబ్బా బట్టల మధ్య పెట్టి, నా కళ్ళజోడు ఉన్ని శాలువాలో చుట్టి, జిప్ లాగి, తలుపు దగ్గర పెట్టాడు. పలక చేతికిచ్చాను. ‘ఏమన్నా రాయి’ అన్నాను. దాన్ని బల్ల మీద పెట్టేసి వెళ్ళి కూర్చున్నాడు. ఇంకేం రాయాలి? సంచి సర్ది ఇచ్చాక ఇంకేం చెప్పాలి మనిషికి?”

“ఆయన అన్నీ అలాగే సర్దుతాడు వదినా. నేను హాస్టలుకి వెళ్తుంటే నా పెట్టె కూడా—”

“పొమ్మనేవాళ్ళు కూడా అలాగే సర్దుతారు.”

“...‘దయచేసి వరుసలో నిలబడండి’ అంటున్నాడు, విను.”

“నిలబడ్డాను చాలాకాలం.”

“వదినా, ఈ పూటకి ఆగు. రేపు ఆవిడ దగ్గరికి ముగ్గురం వెళ్దాం, తర్వాత నేనే బస్సెక్కిస్తాను.”

“మూడోది పెట్టు.”

“పెట్టాను... ఇవన్నీ ఊళ్ళ పేర్లు, ఫైళ్ళకీ అవే పెట్టాడు. ఒక్కో పేరు మూడుసార్లు చెప్పాడు, నిదానంగా, మామూలుగా, తొందరగా. బస్సు కదిలిపోతున్నప్పుడు తొందరగా చెప్పేది కాబోలు. ఆవిడకి సరిపోతుంది ఇది. పది నిమిషాలు దాటిపోయింది.”

“సరిపోతే ఆపెయ్యి.”

“నాలుగోది చూసి ఆపేస్తాను. ఇందులో... ఊఁ. అంకెలు. గంటలు, నిమిషాలు. అయిపోయింది. ఆపేస్తున్నా.”

“తెర మీద అడుగున ఇంకో వరుస ఉంది.”

“అది వద్దులే.”

“ఎందుకు వద్దు?”

“అందులో ఏం లేదు వదినా. గొంతు లేదు. అంకె చూస్తేనే తెలుస్తుంది.”

“అంకె చూస్తే ఎలా తెలుస్తుంది?”

“తొంభై తొమ్మిది శాతం తగ్గింది. మనిషి గొంతు అంత తగ్గదు. చూడు, ఈ పైవన్నీ ఎంత కుక్కినా పదిహేను, ఇరవై, అంతే. మాట్లాడేటప్పుడు ఏ క్షణమూ ఇంకో క్షణంలా ఉండదు, అందుకని ‘పైన చూడు’ అనడానికి కుదరదు. ఊరికే కూర్చుంటే మాత్రం అంతా ఒకటే. ఆ కాలపు మైకు మెల్లని చప్పుళ్ళు పట్టేది కాదు. నిశ్శబ్దం ఎంత పొడుగున్నా చిటికెడు చోట్లో పడుతుంది.”

“అంటే మైకు పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నాడా?”

“అలాగే ఉంది.”

“మైకు ముందు కూడానా!”

“అందుకే వద్దన్నాను.”

“పేరేంటి దానికి?”

“ఏదో ఉందిలే.”

“నా కళ్ళజోడు సంచిలో ఉంది. చదువు.”

“వదినా, వాటి పేర్లకి అర్థాలుండవు—”

“ఊళ్ళ పేర్లకి ఊళ్ళ పేర్లే ఉన్నాయన్నావు ఇందాక. చదువు.”

“వి, ఇ, ఎల్, ఎల్, హెచ్, ఐ, పి, ఓ.”

“కలిపి చదువు.”

“ఎందుకులే వదినా.”

“కలిపి చదవరా.”

“‘వెళ్ళిపో.’”

“తారీఖు ఉంటుందా?”

“ఉంటుంది. డిసెంబరు పదకొండు. కానీ—”

“ఆఁ. అనుకున్నాను. ఇంతకుముందోసారి అక్క దగ్గరికి వెళ్ళాను. ఈ తారీఖున నేను అక్కడున్నాను. చలికాలం. నీకు గుర్తుండదు, నువ్వు హాస్టల్లో ఉన్నావు. అప్పుడూ సంచి ఆయనే సర్దాడు.”

“ఎందుకు వెళ్ళావు అప్పుడు?”

“ఎవరూ ఏమీ అనడం లేదని వెళ్ళాను. అక్కడున్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనకపోతే, నేనే తిరిగొచ్చాను.”

“చూడు వదినా, నువ్వనుకుంటున్నది కాకపోవచ్చు. ఆ రోజుల్లో ఫైలు పేరుకి ఎనిమిదే అక్షరాలు. తొమ్మిదోది కొడితే తీసుకోదు, తప్పని చెప్పదు కూడా, ఊరికే వదిలేస్తుంది. పైగా అన్నయ్యకి ‘ళ్ళ’ అంటే పట్టింపు కదా, రెండు ఎల్‌ల పక్కన హెచ్ కూడా పెడతాడు. ఆ హెచ్ ఒక చోటు తినేసింది. ఇది ‘వెళ్ళిపోయినది’ అయ్యుండొచ్చు. ‘బస్సు వెళ్ళిపోయినది’ అని అనౌన్స్‌మెంటు. ‘వెళ్ళిపోవలెను’ కూడా అవ్వచ్చు. లేదా—”

“లేదా?”

“ఏం లేదు.”

“నేను వెళ్ళినప్పుడు, ఒంటరిగా కూర్చుని, బస్సు వెళ్ళిపోయినది అని చెప్పాడంటావు.”

“పని మీద ఆలోచన ఉండి...”

“పెట్టు. విందాం.”

“వదినా—”

“ఆయనే అంటాడేమో వింటాను. సంచి సర్దితే అర్థం చేసుకున్నాను, మాటతో అంటే కూడా అర్థం చేసుకుంటాను. పెట్టు.”

“పెట్టాను.”

“ఏం వినపడడం లేదు.”

“ఇదే. నడుస్తోంది.”

“...”

“కొంచెం ముందుకి జరుపుతా, ఎంతసేపుంటుందో ఏమో.”

“జరపకు. ఆయన పక్కన ఇలా కూర్చోవడం నాకు కొత్త కాదు.”

“...”

“...”

“‘వెళ్ళిపో—’”

“ఆపావేంటి?”

“నేను ఆపలేదు. ఆగిపోయింది.”

“అదే అన్నాడుగా. విన్నావుగా.”

“కాదు వదినా, మాట మధ్యలో ఆగిపోయింది. నాలుగో డిస్కు ఇక్కడితో నిండిపోయింది. మిగతాది ఐదో దాంట్లో ఉంది. పెద్ద మూటని డిస్కులకి పంచినప్పుడు ఎక్కడ నిండితే అక్కడే తెగ్గొడుతుంది, మాటా గీటా చూసుకోదు. ఐదోది ఇవ్వు. ఉందన్నావుగా!”

“ఉంది.”

“ఎక్కడ?”

“కుట్టు మిషను కాలు కింద.”

“ఏంటీ?”

“మిషను ఊగుతోందని కాలు కింద పెట్టాను. ఎప్పుడో. అడిగే పెట్టాను. ‘ఇది పెట్టనా?’ అంటే ‘ఆఁ’ అన్నాడు.”

“తియ్యి! నేనెత్తుతాను, నువ్వు లాగు. ...అయ్యో. అయ్యో, వదినా.”

“నొక్కుకుపోయింది.”

“రేకు వంగింది. లోపల చక్రం తిరుగుతుందో లేదో. ఉండు, ఈ రేకు తీసేసి పెడతాను... ఆఁ, లోపలికి వెళ్ళింది.”

“చప్పుడు వేరేలా ఉంది.”

“గీకుతోంది. మళ్ళీ చూస్తాను... లేదు. మళ్ళీ...”

“చాలు.”

“ఇంకొక్కసారి.”

“చాలు చిన్నోడా. ఇంకేముంటుంది అందులో? ‘వెళ్ళిపో’ అన్నది విన్నాం. తర్వాత ఇంకో రెండుసార్లు అని ఉంటాడు. పైన చూడు, పైన చూడు.”

“అలా అనకు. చివరి ముక్క లేకుండా మాట ఏంటో ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుసు. అప్పుడు చెప్పాడు, ఇప్పుడు సర్దాడు. నాకు బాధగా కూడా లేదురా, నిజం. ఒకళ్ళు నోరు తెరిచి పొమ్మంటే అదో నెమ్మది. ఇన్నాళ్ళూ అది కూడా అనలేదని... సరే. రేపు ఆవిడకి ఇవన్నీ ఇవ్వు. గొంతు బాగుంది. ఎవరితోనైనా మాట్లాడుకుంటాడు. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. గొంతు దగ్గర గుడ్డ రోజూ మార్చాలి, ఎలాగో అన్నయ్యకే తెలుసు, నువ్వు అద్దం పట్టుకుంటే చాలు.”

“వదినా, కూర్చో ఒక్క నిమిషం.”

“బస్సు వెళ్ళిపోతుంది.”

“వదినా... అన్నయ్య.”

“ఏం?”

“గుమ్మంలో నిలబడ్డాడు. నీ వెనకాలే.”

“పక్కకి జరగమను. సంచి తీసుకోవాలి.”

“నువ్వే చెప్పు.”

“జరగండి కొంచెం. ...ఎటు వెళ్తున్నాడు? నా వైపు చూడనన్నా చూడకుండా...”

“కుర్చీ ఇమ్మని సైగ చేస్తున్నాడు. లేస్తున్నా, లేస్తున్నా. కూర్చో అన్నయ్యా. ఆ డిస్కు పనికిరాదు, ఎన్నిసార్లు పెట్టినా— సరే, నేను మాట్లాడను.”

“ఏం చేస్తున్నాడు?”

“టైపు కొడుతున్నాడు. ఆ ఫైలు పేరే కొడుతున్నాడు, ఒక్కో అక్షరం. హెచ్ మర్చిపోలేదు చూడు.”

“నాకది ఇంకోసారి చదివి వినిపించక్కర్లేదు.”

“ఆగు. పి, ఓ... ఎనిమిది అయ్యాయి. ఇంకా కొడుతున్నాడు.”

“తొమ్మిదోది తీసుకోదన్నావుగా.”

“ఫైలు పేరుకి తీసుకోదు. ఇప్పుడు ఊరికే తెర మీద కొడుతున్నాడు, ఎన్నైనా పడతాయి. ...అయిపోయింది. చేతులు తీసేశాడు. రెండే రెండు అక్షరాలు వదినా.”

“ఏమని?”

“నువ్వే చూడు.”

“కనపడి చావదు, కళ్ళజోడు ఆయనే శాలువాలో చుట్టేశాడని చెప్పానుగా. చదువు.”

“కె, యు... ‘కు’.”